టెక్కా సెంటర్ శాకాహార దోశ స్టాలు: అమ్మానాన్నలను ఏ వేళకు తీసుకెళ్లాలి?

సెంగ్‌కాంగ్_వంటిల్లు | శుక్రవారం, రాత్రి 9.20

అందరికీ నమస్కారం. వచ్చే నెల మా అమ్మానాన్నలు రాజమహేంద్రవరం నుంచి సింగపూర్ వస్తున్నారు. నాన్నగారు శుద్ధ శాకాహారి. అమ్మ శనివారాలు ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టదు. మెరీనా బే, పూలతోటలు చూపించడం పెద్ద పని కాదు. కానీ నాన్నగారు ఫోనులో, "ఆ ఊళ్లో మామూలు జనం ఎక్కడ తింటారో అక్కడ ఒక పూట తినిపించమ్మా, నాకు అది చాలు" అన్నారు. అందుకే భారతీయుల పేట లిటిల్ ఇండియాలో, బజారూ తిండి స్టాళ్లూ ఒకే కప్పు కింద ఉండే టెక్కా సెంటర్‌లో ఎప్పుడూ జనం వరుసలో నిలబడి ఉండే ఆ శాకాహార స్టాలుకు తీసుకెళ్దామనుకుంటున్నాను.

పక్కనే చేపల బజారు, మాంసం దుకాణాలు ఉన్నాయి కదా, అమ్మ ఆ వాసనకు తట్టుకోగలదా? ఏ వేళలో వెళ్తే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది? నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేరు. శనివారం అమ్మ తినదగినది అక్కడ ఏదైనా ఉంటుందా? వెళ్లి వచ్చినవారు చెప్పండి.

నిర్వాహకుడు | శుక్రవారం, రాత్రి 9.45

మన వేదిక నియమం మరోసారి గుర్తుచేస్తున్నాను. పెద్ద, పేరున్న భోజనశాలల పేర్లు రాయవచ్చు. ఒక్క కుటుంబం నడుపుకునే చిన్న స్టాళ్ల పేర్లు, నంబర్లు, అక్కడ పనిచేసేవారి ఫోటోలు పెట్టకండి. ఎక్కడుందో తెలిసేలా వర్ణిస్తే సరిపోతుంది.

టెక్కా_పాతకాపు | శుక్రవారం, రాత్రి 10.30

మీ నాన్నగారు అడిగిన మాట నాకు చాలా నచ్చిందండి. సరైన చోటునే ఎంచుకున్నారు.

ముందు వేళ సంగతి. మామూలు రోజుల్లో ఉదయం ఎనిమిదిన్నర లోపు వెళ్లండి, లేదంటే పది దాటాక వెళ్లండి. ఆ మధ్యలో కూరగాయలకు వచ్చినవాళ్లు, ఆఫీసులకు వెళ్లేవాళ్లు ఒకేసారి వస్తారు. ఆదివారం సాయంత్రం మాత్రం పెద్దవాళ్లతో వద్దు. కట్టడాల పనుల్లో ఉన్న మనవాళ్లకు, తమిళ సోదరులకు, బంగ్లాదేశ్ వాళ్లకు వారంలో దొరికేది ఆ ఒక్క పూటే. లిటిల్ ఇండియా అంతా వాళ్లతో నిండిపోతుంది, అలా నిండడం న్యాయం కూడా. ఆ పూట చోటు వాళ్లకు వదిలేద్దాం.

వాసన గురించి. లిటిల్ ఇండియా ఎమ్మార్టీ (మెట్రో రైలు) స్టేషన్ నుంచి బఫెలో రోడ్డు వైపు వచ్చే దారిలో నేరుగా తిండి స్టాళ్ల వైపు చేరవచ్చు, చేపల బజారు లోపలి నుంచి నడవనక్కర్లేదు. కింద ఒక పక్క బజారు, ఒక పక్క తిండి, పై అంతస్తులో చీరలు, రెడీమేడ్ బట్టలు, కుట్టుపని దుకాణాలు. అమ్మగారిని తినిపించిన తర్వాత పైకి తీసుకెళ్లండి, రవికలు కుట్టేవాళ్లను చూస్తే ఆమెకు కాలం తెలియదు. ఈ భవనం 1982లో కట్టింది. మొదట వేరే పేరుండేది, 2000లో టెక్కా సెంటర్ అయింది. 2023లో మూడు నెలలు మూసేసి మరమ్మతులు చేశారు. అంతకుముందు చూసినవాళ్లు చెప్పే జిడ్డు నేల, మసక దీపాలు ఇప్పుడు అంతగా లేవు.

కూర్చునే చోటు. నేలకు బిగించిన గుండ్రటి పీటలే, వెనక ఆనుకోవడానికి ఏమీ ఉండదు. స్తంభాల పక్కన ఉన్న బల్లలు చూసుకోండి, నాన్నగారు స్తంభానికి ఆనుకోవచ్చు. ఖాళీ బల్ల మీద చిన్న టిష్యూ పొట్లమో గొడుగో కనిపిస్తే అది ఎవరో పట్టుకున్న చోటు అని అర్థం. మీరూ అలాగే ఒకటి పెట్టి, అమ్మానాన్నలను కూర్చోబెట్టి, ఒక్కరే వెళ్లి వరుసలో నిలబడండి.

నైట్_డ్యూటీ_నర్సు | శనివారం, ఉదయం 8.05

ఇప్పుడే అక్కడ తిని వచ్చి రాస్తున్నాను. నేను పనిచేసేది దగ్గర్లోనే. రాత్రి డ్యూటీ దిగాక ఇంటికి వెళ్లి వండుకునే ఓపిక ఉండదు. రెండు ఇడ్లీలు, ఒక వడ, అల్లం టీ. ఆ వేడి సాంబారు కడుపులో పడేదాకా నాకు రాత్రి ముగిసినట్టు అనిపించదు.

ఆ వేళకు నాతోపాటు వరుసలో నిలబడేవాళ్లను మీ నాన్నగారు చూడాలండి. పసుపు చొక్కాల మీద మెరిసే పట్టీలతో రోడ్డు పని కుర్రాళ్లు. బడికి వెళ్లే పిల్లల చెయ్యి పట్టుకున్న తల్లులు. ఎనభై ఏళ్లుంటాయేమో, ఒక చైనా బామ్మ కూరగాయల బండి లాక్కుంటూ వస్తుంది. ఆమె ఏమీ అడగదు, వేలు చూపిస్తుంది అంతే. ఒక ఇడ్లీ, కొబ్బరి చట్నీ, సాంబారు వద్దు. స్టాలులో అక్కకు అది కంఠతా వచ్చు. ఆమె వంతు రాకముందే ప్లేటు సిద్ధంగా ఉంటుంది.

అందరూ అదే స్టీలు ప్లేటులో, అదే కాగితం మీద తింటారు.

రాయలసీమ_కారం | శనివారం, ఉదయం 11.15

అందరూ పొగుడుతున్నారు కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. నేను ఆ స్టాలులో చాలాసార్లు తిన్నాను. దోశ బాగుంటుంది, కాదనను. కానీ సాంబారులో తీపి నాలుకకు తగులుతుంది. కొబ్బరి చట్నీ నీళ్లలా జారుతుంది. ఎర్ర చట్నీ పేరుకే ఎరుపు. కారప్పొడి అడిగితే లేదన్నారు. పల్లీ చట్నీ, అల్లం పచ్చడి ఊసే లేదు. పెసరట్టు గురించి ఇక అడగనే అక్కర్లేదు. పైగా ధర ఈ మధ్య పెంచారు. ఇంతలా వరుసలు కట్టి నిలబడేంత గొప్ప ఏముంది ఇందులో?

పెద్దవాళ్లు అంత దూరం నుంచి వస్తున్నారు. మన రుచి దొరికే ఆంధ్రా భోజనశాలలు రేస్ కోర్స్ రోడ్డు, సెరంగూన్ రోడ్డు చుట్టుపక్కల ఉన్నాయి. అక్కడికి తీసుకెళ్లడమే మేలని నా అభిప్రాయం.

సెంగ్‌కాంగ్_వంటిల్లు | శనివారం, ఉదయం 11.40

మీ మాటలో న్యాయం ఉందండి, కానీ నాన్నగారు మన రుచి కోసం రావడం లేదు. అది ఇంట్లో అమ్మ చేతిలోనే ఉంది. ఇక్కడివాళ్ల రుచి చూడాలని ఆయన కోరిక.

పిండి_రుబ్బు | శనివారం, మధ్యాహ్నం 3.50

నేను ఈ వేదికలో ఎక్కువగా రాయను. కానీ ధర మాట, నీళ్ల చట్నీ మాట వచ్చాయి కాబట్టి ఊరుకోలేకపోతున్నాను. మాది గుంటూరు. మా ఆయన ఇక్కడే పుట్టిన తమిళుడు. అత్తగారు, మామగారు టెక్కాలో కాదు, మరో పేటలోని, టెక్కాలాగే చిన్న తిండి స్టాళ్లన్నీ ఒక చోట ఉండే హాకర్ సెంటర్‌లో ఇలాంటి శాకాహార స్టాలే నడుపుతారు. నేను ఇప్పుడు అందులో పనిచేస్తున్నాను.

"ఇప్పుడు" అని ఎందుకన్నానంటే, 2024 చివరి వరకూ నాకు ఆ అర్హత లేదు. హాకర్ సెంటర్ స్టాళ్లలో పౌరులు, శాశ్వత నివాసులు మాత్రమే పనిచేయాలన్నది నియమం. నాది దీర్ఘకాల సందర్శక పాస్. సొంత అత్తగారి స్టాలులో గరిటె పట్టుకున్నా తప్పే అయ్యేది. ఆమె నడుం పట్టేసి కూర్చున్న రోజుల్లో కూడా నేను బల్లకు ఇవతల నిలబడి చూడవలసి వచ్చింది. 2025 జనవరి 1 నుంచి ఆ పాస్ ఉన్నవాళ్లను సహాయకులుగా పెట్టుకోవచ్చని నియమం మార్చారు. అవసరమైన అనుమతి తీసుకుని నేను చేరాను. స్టాలు పేరు మీద ఉండవలసింది మాత్రం ఇప్పటికీ పౌరులో శాశ్వత నివాసులో.

మనిషి సాయం లేకపోవడమే ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద కష్టం. భారతీయ రెస్టారెంట్లయితే 2023 సెప్టెంబరు నుంచి మన దేశం నుంచి వంటవాళ్లను వర్క్ పర్మిట్ మీద తెచ్చుకోగలుగుతున్నాయి. హాకర్ స్టాలుకు ఆ వీలు లేదు. దోశ వేయడం వచ్చిన ఇక్కడి కుర్రవాడు దొరకడం ఎంత కష్టమో మీరే ఊహించండి. హాకర్లలో సగం మంది అరవై ఏళ్లకు అటూ ఇటూ ఉన్నవాళ్లే. మా అత్తగారికి అరవై ఏడు.

ఇక ఆ దోశ మీ ప్లేటులోకి ఎలా వస్తుందో చెప్తాను. సాయంత్రం మినప్పప్పు, బియ్యం వేరువేరుగా నానుతాయి. మినప్పప్పు రుబ్బేటప్పుడు చల్లటి నీళ్లు, వేడి మరీ ఎక్కువగా ఉంటే ఐసు ముక్కలు వేస్తాం. రాయి తిరిగి తిరిగి వేడెక్కితే పిండి గాలి పట్టదు, ఇడ్లీ గట్టిపడుతుంది. ఇక్కడ రాత్రి కూడా ఇరవై మూడు డిగ్రీల కిందికి దిగడం అరుదు. మన ఊళ్లో శీతాకాలం పిండి పొంగడం లేదని దుప్పటి కప్పుతాం. ఇక్కడ దానికి విరుద్ధం, పొంగిపోయి పులిసిపోకుండా కాపాడుకోవాలి. అందుకే గిన్నెలను సగానికే నింపి, రెండు విడతలుగా రుబ్బి, ఒక విడత పొంగగానే ఫ్రిజ్‌లో పెట్టేస్తాం. అత్తగారు తెల్లవారుజామున నాలుగింటికి మూత తీసి, ముందు వాసన చూస్తారు, తర్వాత వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటారు. ఉప్పు అప్పుడు వేస్తారు, రాత్రి కాదు. ఆ వాసనను బట్టే ఏ గిన్నె ఇడ్లీకి, ఏ గిన్నె దోశకు అన్నది నిర్ణయం.

పెనం మీద నీళ్లు చిలకరిస్తే చుక్కలు గోళీల్లా దొర్లి ఎగిరిపోవాలి. కోసిన ఉల్లిపాయ సగంతో రుద్దుతాం. పిండి పోసిన క్షణంలో పెనం మరీ వేడిగా ఉంటే పిండి గరిటెకు అంటుకుని లేచి వస్తుంది. మరీ చల్లగా ఉంటే రంగు రాదు. అందుకే ప్రతి దోశకు ముందూ నీళ్లు చల్లి తుడవడం. పొద్దున రద్దీలో ఒకే పెనం మీద నాలుగు దోశలు నడుస్తుంటాయి. ఒకటి పోస్తుంటే ఒకటి కాలుతుంది, ఒకటి మడతపడుతుంది, ఒకటి ప్లేటులోకి వెళ్తుంది. చెయ్యి ఆగితే వరుస ఆగుతుంది.

చట్నీ పలచగా ఉండేది కొబ్బరి పొదుపు కోసమేనని చాలామంది అనుకుంటారు. మా స్టాలులో సంగతి చెప్తాను. ఇక్కడి పాత ఖాతాదారులు దోశను చట్నీలో తడిపి తింటారు, అద్దుకుని తినరు. గట్టి చట్నీ పెడితే వెనక్కి వచ్చి "ఇంకొంచెం పోయండి" అని అడుగుతారు.

రాయలసీమ_కారం | శనివారం, సాయంత్రం 5.10

మీరు చెప్పిన కష్టం ముందు నా ధర మాట నిలబడదండి. కానీ అద్దె చవక అంటారు కదా? ప్రభుత్వం హాకర్లకు రాయితీ ఇస్తుందని విన్నాను.

పిండి_రుబ్బు | శనివారం, సాయంత్రం 6.30

రాయితీ అద్దె పాతతరానికి. ఒకప్పుడు వీధుల్లో బండ్లు పెట్టుకున్నవాళ్లను 1970, 80 దశకాల్లో ఈ సెంటర్లలోకి తీసుకొచ్చారు. వాళ్లకు నామమాత్రపు అద్దె ఉంది. ఆ తరం వెళ్లిపోతోంది. తర్వాత వచ్చినవాళ్లు టెండరులో పాడుకోవాలి. ఎక్కువ రాసినవాళ్లకు స్టాలు. 2024లో మెరీన్ పరేడ్‌లో ఒక స్టాలుకు నెలకు 10,158 డాలర్లు రాశారని పేపర్లలో వచ్చింది, చదివే ఉంటారు. అది అసాధారణమే, అందరూ అంత కట్టరు. మూడేళ్ల తర్వాత బజారు విలువను బట్టి అద్దెను సరిచేస్తారు కూడా. కానీ మొదటి మూడేళ్లు దాటాలి కదా. రెండు మూడు డాలర్ల దోశలతో అంత అద్దె తీర్చాలంటే ఎన్ని దోశలు పొయ్యాలో లెక్క వేసుకోండి.

అద్దె ఒక్కటే కాదు. గ్యాసు, కరెంటు, బల్లలు తుడిచే రుసుము, పళ్లేలు కడిగే ఖర్చు అన్నీ ఉన్నాయి. మినప్పప్పు ధర మన దేశంలోనో బర్మాలోనో పంట దెబ్బతింటే ఇక్కడ వెంటనే పెరుగుతుంది. మేము ఇరవై సెంట్లు పెంచడానికి ఇంట్లో ఎన్ని రాత్రులు మాట్లాడుకుంటామో! మామగారు చివరిదాకా ఒప్పుకోరు. "పని కుర్రాళ్లు రెండు దోశలు తినే చోట ఒకటి తిని లేస్తారు" అంటారు.

నెయ్యి_అరిటాకు | శనివారం, రాత్రి 8.00

అసలు ప్రశ్నలో ఒక భాగానికి ఎవరూ జవాబు చెప్పలేదు. మేము ఇంటిల్లిపాదీ శాకాహారులం, ఇక్కడికి వచ్చి చాలా ఏళ్లయింది, కాబట్టి రాస్తున్నాను.

హాకర్ సెంటర్‌లో దోశ, పరోటా కలిపి అమ్మే స్టాళ్లు ఎక్కువ. వాటిలో గుడ్డు పరోటా అదే పెనం మీద పడుతుంది. కూర కావాలా అని పోసే గిన్నెలో చేప పులుసు కూడా ఉండవచ్చు. అందుకని బోర్డు మీద శాకాహారం మాత్రమే అని రాసి ఉన్న స్టాలునే ఎంచుకోండి. దోశ దొరికినంత మాత్రాన అది శాకాహార స్టాలు కాదు. అనుమానం ఉంటే "గుడ్డు వేస్తారా?" అని నేరుగా అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు. ఇది రోజూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే.

పళ్లేల సంగతి. తిన్న పళ్లెం మనమే తీసుకెళ్లి పెట్టాలి. 2021 సెప్టెంబరు 1 నుంచి హాకర్ సెంటర్లలో దీన్ని గట్టిగా అమలు చేస్తున్నారు. మొదటిసారి హెచ్చరిక, మళ్లీ చేస్తే జరిమానా. నాన్నగారికి తెలియక లేచి వెళ్లిపోతారేమో, ముందే చెప్పండి. పళ్లేలు పెట్టే అరల్లో హలాల్‌వి వేరు, మిగతావి వేరుగా ఉంటాయి. శాకాహారానికని వేరే అర సాధారణంగా ఉండదు. దీనికి బాధపడేవాళ్లు కాగితంలో కట్టించుకుని తినవచ్చు. మా అత్తగారు వచ్చినప్పుడు మేము అలాగే చేశాం. "తాపావ్" అంటే చాలు, చక్కగా మడిచి, చట్నీలు చిన్న సంచుల్లో ముడివేసి ఇస్తారు.

శనివారం అమ్మగారికి: సాంబారులో ఉల్లి తప్పదు, కొబ్బరి చట్నీ అడిగి తెలుసుకోవాలి. నిశ్చింతగా తినదగినది పుట్టు మాయం. మన ఇడియాప్పమే, బియ్యప్పిండి సేమియాలా ఒత్తి ఆవిరి మీద ఉడికించింది. పైన పచ్చి కొబ్బరి కోరు, గోధుమరంగు పంచదార చల్లి ఇస్తారు. ఉల్లి లేదు, నూనె లేదు, కారం లేదు. పెద్దవాళ్ల పళ్లకు కూడా సుఖం.

చైనా శాకాహార స్టాళ్లు చాలా హాకర్ సెంటర్లలో ఉంటాయి. బౌద్ధ ఆచారం పాటించే చోట్ల ఉల్లి, వెల్లుల్లి వాడరు. వాళ్ల చాంద్రమాన నెలలో 1, 15 తేదీల్లో అక్కడ జనం ఎక్కువ. కానీ సోయాతో చేసిన మాంసం నమూనాలు ఉంటాయి, చూడటానికి అచ్చం మాంసమే. అమ్మగారికి చూడగానే మనసు ఒప్పకపోవచ్చు. కొన్ని చోట్ల గుడ్డు కూడా వాడతారు. కాబట్టి మొదటి పూటకు వద్దు.

టెక్కా_పాతకాపు | శనివారం, రాత్రి 9.15

నెయ్యి_అరిటాకు గారు చెప్పినది అక్షరాలా నిజం. నేను చెప్పదలచినది రాయలసీమ_కారం గారి "ఇంత గొప్ప ఏముంది" అన్న ప్రశ్న గురించి.

ఈ ఊళ్లో శాకాహారం నిన్న మొన్న వచ్చినది కాదండి. ఆనంద భవన్ అనే శాకాహార భోజనశాల 1924 నుంచి ఉంది. కోమల విలాస్ సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి ఉంది. బెంగళూరు ఎంటీఆర్ ఇక్కడికి వచ్చింది 2013లో. ఐటీ ఉద్యోగాలతో మనవాళ్లు పెద్ద సంఖ్యలో రావడానికి చాలా ముందే, ఇక్కడి తమిళ కుటుంబాలు ఈ రుచిని నిలబెట్టాయి. అది తంజావూరు నుంచో, చెట్టినాడు నుంచో బయలుదేరి, ఇక్కడి కొబ్బరి, ఇక్కడి పంచదార, ఇక్కడి జనం నాలుక కలిసి మూడు తరాలుగా స్థిరపడిన రుచి. దానిలో పల్లీ చట్నీ లేదని వెతకడం నాకు సబబుగా తోచదు. మన తెలుగువాళ్లు కూడా ఇక్కడ పాతవాళ్లే, సింగపూర్ తెలుగు సమాజం 1975 నుంచి ఉంది. ఉగాదికి పెరుమాళ్ గుడికి వచ్చే పెద్దలను అడిగి చూడండి, వాళ్లలో చాలామందికి ఈ తీపి సాంబారే చిన్ననాటి సాంబారు.

2020 డిసెంబరు 16న యునెస్కో సింగపూర్ హాకర్ సంస్కృతిని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గుర్తింపు ఏదో ఒక్క వంటకానికి ఇచ్చింది కాదు. మలయ్, చైనా, భారతీయ వంటలు ఒకే కప్పు కింద వండి, ఒకే బల్ల దగ్గర తినే పద్ధతికి ఇచ్చింది. శాకాహారి కూడా ఆ బల్ల దగ్గర కూర్చోగలుగుతున్నాడంటే ఈ స్టాళ్ల వల్లే. అవి లేకపోతే మీ నాన్నగారిలాంటివాళ్లు అక్కడ మంచినీళ్లు తాగి లేచిరావలసిందే. గొప్ప ఎక్కడుందని అడిగితే నా జవాబు ఇదే.

రాయలసీమ_కారం | ఆదివారం, ఉదయం 7.45

పాతకాపు గారూ, మీ మాట మీద రాత్రంతా ఆలోచించాను. మూడు తరాల రుచికి నేను గౌరవం ఇస్తాను. అయినా నా కోరిక నాదే. ఇంతమంది తెలుగువాళ్లం ఉన్న ఊళ్లో, మామూలు ధరకు, మామూలు బల్ల మీద ఒక్క పెసరట్టు దొరకకపోవడం లోటే. భోజనశాలలో ఏసీకి, వడ్డనకు డబ్బు కట్టి తినడం వేరు. పెసరట్టు హాకర్ సెంటర్‌లో ఎందుకు నిలబడదు? పిండి_రుబ్బు గారు చెప్పాలి. ఇది నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

పిండి_రుబ్బు | ఆదివారం, మధ్యాహ్నం 2.20

మేము ప్రయత్నించాం కాబట్టి చెప్పగలను.

దోశ పిండి ఒకసారి పొంగాక ఫ్రిజ్‌లో రెండో రోజుకూ పనికొస్తుంది. పెసరపిండి అలా కాదు. రుబ్బిన కాసేపటికే వాసన మారడం మొదలవుతుంది. ఈ వేడిలో మధ్యాహ్నానికి నాకే వెయ్యాలనిపించదు. అంటే పొద్దున్నుంచి నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా రుబ్బాలి. స్టాలు వెడల్పు రెండు చేతులు చాచితే గోడలకు తగిలేంత. ఉన్న ఒక్క గ్రైండరు కొబ్బరి చట్నీకే ఖాళీ ఉండదు.

రెండోది పెనం. సాదా దోశ నిమిషంన్నరలో లేస్తుంది. పెసరట్టు మీద అల్లం, పచ్చిమిర్చి, ఉల్లి వేసి, అవి పచ్చిదనం పోయేదాకా కాల్చి, తిప్పి, ఉప్మా పెట్టి మడిచేసరికి మూడు దోశల కాలం పోతుంది. వెనక పదిమంది నిలబడి ఉంటారు, వాళ్లు ఆఫీసుకు వెళ్లాలి.

మూడోది అడిగేవాళ్లు. మొదటి వారం తెలుగువాళ్లు చాలామంది వచ్చారు, కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. తర్వాత శని, ఆదివారాలకే పరిమితమయ్యారు. మిగతా ఐదు రోజులూ నానబెట్టిన పెసలు మిగిలేవి. ఆకుపచ్చ దోశ ఏమిటని చైనా ఖాతాదారులు ఆసక్తిగా అడిగారు, కొందరికి నచ్చింది కూడా. కానీ రోజూ తినే అలవాటు ఒక్క నెలలో రాదు, అది వచ్చేదాకా నష్టం భరించే శక్తి మాకు లేదు.

ఎవరైనా తెలుగువాళ్లు శాశ్వత నివాసం ఉన్నవాళ్లు సొంతంగా స్టాలు తీసుకుని, పెసరట్టు ఒక్కటే ప్రధానంగా పెట్టి, రెండు పెనాలతో నడిపితే నిలబడుతుందని నాకు నమ్మకం ఉంది. కానీ తెల్లవారుజామున నాలుగింటికి లేచేవాళ్లు కావాలి.

పెనాంగ్_మనవడు | ఆదివారం, సాయంత్రం 4.00

సరిహద్దు ఇవతలి నుంచి ఒక మాట. మేము మలేసియా తెలుగువాళ్లం, తాతల కాలంలో తోటపనికి వచ్చిన కుటుంబం. ఇక్కడ కూడా హాకర్ సెంటర్లలో దోశ తమిళ రుచే. మా ఇంట్లో నాయనమ్మ చింతపండు పచ్చడి నూరి సీసాలో పెట్టుకుని బయటికి తీసుకెళ్లేది. స్టాలువాళ్లు ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు. వాళ్లే అడిగి రుచి చూసేవారు.

నైట్_డ్యూటీ_నర్సు | ఆదివారం, సాయంత్రం 6.15

పిండి_రుబ్బు గారు చెప్పిన రద్దీ సంగతికి ఒక విన్నపం జోడిస్తాను. మనవాళ్లు కొందరు వరుస చివరికి వచ్చి, తమ వంతు వచ్చాక గానీ ఏమి కావాలో ఆలోచించరు. ఫోనులో ఇంట్లోవాళ్లను అడుగుతూ నిలబడతారు. మొన్న నా ముందు ఒకాయన ఆరు దోశలు, ఆరూ ఆరు రకాలుగా చెప్పి, రెండు రద్దు చేసి, ఉల్లి తీసెయ్యమని మళ్లీ చెప్పాడు. పెనం దగ్గర ఆమె ఒక్క మాట అనలేదు, కానీ చెయ్యి తడబడి ఒక దోశ మాడిపోయింది. అది ఆమె ఖర్చే. వరుసలో ఉండగానే బోర్డు చదివి, తేల్చుకుని, చిల్లరో ఫోనో చేతిలో పట్టుకుంటే ఎంత సాయమో.

సెంగ్‌కాంగ్_వంటిల్లు | ఆదివారం, రాత్రి 8.40

మీరందరూ ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు. ఈ చర్చ మొత్తం నాన్నగారికి ఫోనులో చదివి వినిపించాను. పిండి గిన్నె దగ్గర అత్తగారు వాసన చూడటం దగ్గర ఆగి, మళ్లీ చదవమన్నారు. మా నాయనమ్మ కూడా అలాగే చూసేదట.

నిర్ణయం ఇది: బుధవారం ఉదయం ఎనిమిదికి టెక్కా. నాన్నగారికి ఇడ్లీ, సాదా దోశ. అమ్మకు ఆ రోజు అన్నీ సరిపోతాయి. శనివారం పుట్టు మాయం కట్టించుకుని ఇంటికి తెస్తాను. ఇంకా ఒకటి, పొంగల్ దొరుకుతుందా? అమ్మకు మిరియాల పొంగల్ ప్రాణం. డబ్బు నోట్లే తీసుకుంటారా?

టెక్కా_పాతకాపు | ఆదివారం, రాత్రి 9.05

పొంగల్ ఉదయం పూటే, అది కూడా చాలా చోట్ల తొమ్మిదిన్నరకల్లా గిన్నె అడుగు కనిపిస్తుంది. ఎనిమిదికి వెళ్తున్నారు కాబట్టి దొరుకుతుంది, మొదట అదే చెప్పండి. క్యూఆర్ కోడు దాదాపు అన్ని చోట్లా ఉంది. ప్రభుత్వం నుంచి ఇంటికి వచ్చే సీడీసీ వోచర్లు ఉంటే హాకర్ల దగ్గర వాడుకోవచ్చు, ఆ డబ్బు ఇలాంటి స్టాళ్లకు చేరాలనే వాటిని పెట్టారు. అయినా రెండు డాలర్ల నోట్లు కొన్ని దగ్గర ఉంచుకోండి, పొద్దున్నే చిల్లర ఇస్తే వాళ్లకు సంతోషం.

రాయలసీమ_కారం | ఆదివారం, రాత్రి 9.50

పిండి_రుబ్బు గారూ, పెసరట్టు సంగతి అర్థమైంది, ఇక అడగను. పల్లీ చట్నీ మాత్రం అడుగుతాను. దానికి పెనం అక్కర్లేదు, పులవదు, పొద్దున ఒకసారి రుబ్బితే మధ్యాహ్నం దాకా ఉంటుంది. వారానికి ఒక్క రోజు చేయగలరా? ఏ రోజో చెప్తే మా ఆఫీసు తెలుగువాళ్లందరినీ తీసుకొస్తాను. ఒక్క వారంతో ఆగిపోము, మాట ఇస్తున్నాను.

పిండి_రుబ్బు | సోమవారం, ఉదయం 10.30

సోమవారం మాకు సెలవు, అందుకే ఇప్పుడు తీరిగ్గా రాయగలుగుతున్నాను. అత్తగారిని అడిగాను. పల్లీలు పడనివాళ్లు ఉంటారు కాబట్టి విడిగా గిన్నె, విడిగా గరిటె, ముందు ఒక కాగితం మీద మూడు భాషల్లో రాసి పెట్టాలన్నారు. ఆ షరతు మీద ఒప్పుకున్నారు. మంగళవారం రద్దీ తక్కువ, ఆ రోజు చేస్తాం. ఎండుమిర్చి గుంటూరువి మా ఇంటి నుంచి వచ్చినవి ఉన్నాయి. చిరునామా ఇక్కడ రాయకూడదు కదా, విడిగా సందేశం పంపండి. ఎంతమంది వస్తారో సోమవారం సాయంత్రం లోపు చెప్తే దానికి తగ్గట్టు పల్లీలు వేయిస్తాను.